సున్నాకు ప్రవేశం లేదు

ఏ సాఫ్ట్‌వేర్ ఎంత వేగమో టెస్టు పెట్టి పోల్చే బెంచ్‌మార్క్ సైట్లు నడిపేవాళ్లకు సున్నా మీద ఏదో పాత పగ ఉంది. లేకపోతే ప్రతి గ్రాఫూ 99 దగ్గరే ఎందుకు పుడుతుంది? ఒక డేటాబేస్‌కు 100 మిల్లీసెకన్లు పట్టింది, పక్కదానికి 101. తేడా ఒక్క శాతం. నిలువు అక్షాన్ని 99 దగ్గర కోసేస్తే ఒక బార్ ఎత్తు ఒకటి, రెండోదాని ఎత్తు రెండు. కంటికి రెట్టింపు! అంకెల్లో అబద్ధం లేదు, కోర్టుకెళ్లినా నిలబడుతుంది. పైగా గెలిచింది పొట్టిదో పొడుగుదో ఎక్కడా రాయరు. పై గ్రాఫ్ మిల్లీసెకన్లది, తక్కువైతే మంచిది. కింది గ్రాఫ్ సెకనుకు రిక్వెస్ట్‌లది, ఎక్కువైతే మంచిది. రెండింట్లోనూ పొడుగుదానికే ఆకుపచ్చ రంగు. మన తెలివి మీద వాళ్లకు అంత నమ్మకం.

ఈ గ్రాఫ్ సైట్లోనే పడి ఉంటే బాగుండును. మీటింగుకు వెళ్తుంది. "మనం వాడేది ఆ పొడుగుదేనా?" అంటారు పెద్దసారు. "అవును సార్." "అంటే సగం స్పీడన్నమాట." వెనక నుంచి ఒక జూనియర్ "సార్, ఆ యాక్సిస్ 99 నుంచి..." అని నసుగుతాడు. "యాక్సిస్ సంగతి తర్వాత. ఆ పొట్టిదానికి మారడానికి ఎన్నాళ్లు?" ఆరు నెలలు. దానికో ప్రాజెక్టు పేరు, ఆ పేరుకో లోగో, వారానికో రివ్యూ, ఆ రివ్యూకి ముందు రోజు రిహార్సల్ రివ్యూ. ఇంతా ఒక్క మిల్లీసెకను కోసం. ఈలోగా ఎవరో పనిలేనివాడు అదే టెస్టును మళ్లీ నడిపితే అంకెలు తారుమారవుతాయి: కొత్తదానికి 101, పాతదానికి 100. ప్రాసెసర్ వేడెక్కి టర్బో వేగం, అంటే కాసేపు ఇచ్చే అదనపు వేగం, దిగింది, అంతే. లోగో మాత్రం అప్పటికే టీషర్టుల మీదికి ఎక్కేసింది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. ప్రోగ్రాముకు సిస్టమ్ అందించే సెట్టింగుల (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్) మొత్తం సైజు మారినా, ప్రోగ్రాము ముక్కల ఫైళ్లను కలిపే (లింక్ చేసే) వరస మారినా, కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ వేగం కోసం చేసే ఓ3 ఆప్టిమైజేషన్ లాభమా నష్టమా అన్న తీర్పే తిరగబడొచ్చని ఏఎస్‌పీఎల్‌ఓఎస్ అనే కంప్యూటర్ పరిశోధన సదస్సు పత్రం ఒకటి 2009లోనే చూపించింది. అయినా ఒక్క రన్, ఒక్క బార్, పక్కన మూడు దశాంశ స్థానాలు.

మందు ఖరీదైనదేం కాదు. బార్ గీస్తే సున్నా నుంచి గీయండి. చిన్న తేడాను దగ్గరగా చూపాలంటే బార్లు మానేసి చుక్కలు పెట్టండి. మెషిన్ కుదురుకునే మొదటి వార్మప్ రన్‌లు తీసేసి, మిగతా ప్రతి రన్‌నీ ఒక చుక్కగా, మీడియన్‌ని, అంటే మధ్య విలువను, ఒక గీతగా. రెండు గుంపులూ కలగాపులగమైపోతే "తేడా తేల్చలేం" అని రాసేయండి. పరువేం పోదు.

టెస్టులన్నీ కలిపి ఇచ్చే ఓవరాల్ స్కోరు కథ వేరు. ఒక టెస్టులో మొదటి డేటాబేస్‌కు 1 సెకను, రెండోదానికి 10. ఇంకో టెస్టులో సరిగ్గా తిరగేసి. మొదటిదాన్ని ప్రమాణంగా తీసుకుని నిష్పత్తుల సగటు కడితే రెండోది 5.05 రెట్లు నిదానం. రెండోదాన్ని ప్రమాణంగా తీసుకుంటే మొదటిది 5.05 రెట్లు నిదానం! నిష్పత్తులకు గుణమధ్యమం (అన్నిటినీ గుణించి, ఎన్ని ఉంటే అన్నో మూలం) కట్టాలని 1986 నుంచీ అచ్చులో ఉంది, ప్రాసెసర్ల వేగం కొలిచే స్పెక్ సీపీయూ స్కోర్లు కట్టేదీ అలాగే. మన సైటుకు ఆ కబురు ఇంకా అందలేదు.

ఇక ఆ సగటు లేటెన్సీ, అంటే జవాబు కోసం పట్టే సమయం. వంద రిక్వెస్ట్‌లలో 99 పది మిల్లీసెకన్లలో వచ్చాయి, ఒకదానికి అయిదు సెకన్లు పట్టింది. సగటు 59.9 మిల్లీసెకన్లు. ఆ 59.9 అనుభవించినవాడు ఒక్కడూ లేడు! అయిదు సెకన్లు తెల్లతెర చూస్తూ కూర్చున్నవాడున్నాడు, వాణ్ని తుడిచేశారు. ఒక పేజీ వెనక ఇలాంటి రిక్వెస్ట్‌లు వంద ఉంటే, అందులో కనీసం ఒకటైనా ఆ నూటికొక్క నిదానంలో పడే అవకాశం 63 శాతం. అంటే నిదానమే మామూలు. అది కూడా సర్వర్‌కు రిక్వెస్ట్‌లు గుప్పించి కొలిచే లోడ్ టూల్ నిజం చెబితేనే. జవాబు వచ్చేదాకా తర్వాతి రిక్వెస్ట్ పంపని టూల్‌ అయితే, సర్వర్ బిగుసుకుపోయిన అయిదు సెకన్లూ అదీ నోరు మూసుకుని కూర్చుంటుంది. ఆ సమయంలో రావాల్సిన వందల రిక్వెస్ట్‌లు లెక్కలోకే రావు. సిగ్గుండాలి! జనం నరకం చూసిన క్షణాల్లోనే కొలత ఆపేసి, దానికి ఫలితమని పేరా? మీడియన్, పీ99 (నూటికి 99 రిక్వెస్ట్‌లు ఇంతలోపు పూర్తయ్యే సమయం), పీ99.9 (వెయ్యికి 999), గరిష్ఠం, నాలుగూ పక్కపక్కన వేయండి. కంపైలర్ ఫ్లాగ్‌లు, వెర్షన్లు, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), తేదీ, ముడి ఫలితాల ఫైలు, అన్నీ అదే పేజీలో పెట్టండి. చోటు చాలదంటారా? ఆ ఆరు షేర్ బటన్లు పీకేయండి.