ఓడిన పార్టీకి ఓటేసినవాళ్లు ఎవరి దగ్గరికి పోవాలి?

2024 మే 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో ఓటు వెయ్యడానికి హైదరాబాద్ నుంచి మా ఊరు వెళ్లాను. సీటు దొరక్క రాత్రంతా ఇంజిన్ బాక్స్ మీదే కూర్చున్నాను. స్కూలు వరండాలో లైన్లో నా ముందు మా వీధి పెద్దావిడ ఉంది. రెండు గంటలు నిలబడి ఓటేసింది. బయటికొచ్చాక వేలి మీద సిరా చీరకి అంటకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుని ఇంటిదాకా నడిచింది. ఎవరికి వేసిందో నాకు తెలీదు, అడగలేదు.

ఫలితాలొచ్చాక అందరి నోటా ఒకటే మాట: వైసీపీకి 151 సీట్లు కాస్తా 11 అయ్యాయి, జనం బుద్ధి చెప్పారు. నిజమే. కానీ సీట్ల పక్కన ఓట్లు కూడా చూడండి. 2019లో టీడీపీకి 23 సీట్లే వచ్చాయి, ఓట్లు 39 శాతం. 2024లో వైసీపీకి 11 సీట్లే, ఓట్లు మళ్లీ 39 శాతం! నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా సీటు వాళ్లదే కాబట్టి సీట్లు అలా ఊడ్చుకుపోతాయి. మనుషులు ఊడ్చుకుపోరు కదా. రెండుసార్లూ పదిమందిలో నలుగురు ఓడినవాళ్లకే వేశారు.

ఆ నలుగురి గతి ఏంటో మా వీధికొస్తే కనబడుతుంది. సిమెంట్ రోడ్డు సగందాకా వేసి ఆపేశారు. మిగతా సగం ఎందుకు వెయ్యలేదని అడిగితే "మీరు వాళ్ల మనుషులు కదా, వాళ్లనే అడగండి" అన్నాడు అప్పటి లోకల్ లీడర్. ప్రభుత్వం మారింది. ఇప్పుడు అదే మాట ఇంకో లీడర్ ఇంకో వీధివాళ్లతో అంటున్నాడు. పన్ను కట్టించుకునేటప్పుడు మాత్రం ఎవరి మనుషులని ఎవరూ అడగరు.

పోనీ వాళ్ల తరఫున సభలో మాట్లాడేదెవరు? 2021 నవంబర్‌లో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని అసెంబ్లీ నుంచి వెళ్లిపోయారు. ఆయనకి ఆ రోజు జరిగిన అవమానం చిన్నది కాదు, ఒప్పుకుంటాను. 2024 తర్వాత జగన్ ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని సభకి దూరంగా ఉండిపోయారు. ఆ హోదాకి 175లో పదో వంతు, అంటే 18 మంది ఉండాలి, వాళ్లకి అంతమంది లేరన్నది అధికార పక్షం లెక్క. హోదా ఉన్నా లేకపోయినా సభకి వెళ్లి అడగాల్సిందే, మైక్ ఇవ్వకపోతే రేపు మళ్లీ వెళ్లి అడగాల్సిందే. మనం ఓటేసింది హోదాకి కాదు. అధికారంలో ఉన్నవాళ్లూ ఆ మైక్ ఇచ్చి తీరాలి.

మొన్న ఊరెళ్తే ఆ రోడ్డు ఇంకా అక్కడే ఆగి ఉంది. అది ఆగిన చోటు నుంచి ఆ పెద్దావిడ ఇల్లు నాలుగు గుమ్మాల దూరం. వానకి ఇటుక ముక్కలు పరుచుకుని వాటి మీద అడుగేస్తూ వస్తోంది.