సైలేజ్ ఒక్కటే పెడితే పొట్టేలు పిల్ల ఎదగదు

గొర్రెలు పెంచేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో చాలా రోజులుగా తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో చెప్పేది ఇదీ: పొట్టేలు పిల్లకు రోజూ రెండు కిలోల మొక్కజొన్న సైలేజ్ (గాలి తగలకుండా మాగబెట్టిన పచ్చి మేత) పెడితే చాలు, దాణా వద్దు, ఎండు మేత వద్దు. 15 కిలోల పిల్ల మూడు నెలల్లో 30 కిలోలు తూగుతుంది. నెలన్నర పిల్లకైనా పెట్టొచ్చు. బూజు పడితే పైపైన తీసేసి వాడుకోవచ్చు. అప్పు చేసి షెడ్డు వేసుకున్న కుర్రాళ్ళు దీన్ని నమ్మేస్తున్నారు, అందుకే రాస్తున్నాను.

సైలేజ్ చెడ్డదని నేననను. మా అనంతపురం వైపు ఎండాకాలంలో పచ్చి మేత కంటికి కనపడదు. అప్పుడు బాగా మాగిన మొక్కజొన్న సైలేజ్ దొరికితే అంతకంటే కావలసింది లేదు. తప్పంతా అదొక్కటే చాలు అనడంలో ఉంది.

ముందు లెక్క చూద్దాం. 15 కిలోల పిల్ల రోజుకు తన బరువులో 4 శాతం దాకా, అంటే 600 గ్రాముల ఎండు పదార్థం తింటుంది. సైలేజ్‌లో నూటికి 70 పాళ్ళు నీళ్ళే కాబట్టి రెండు కిలోలు తింటే ఆ 600 గ్రాములు అందుతాయి. కడుపు నిండుతుంది, నిజమే. కానీ ఆ ఎండు పదార్థంలో ప్రోటీన్ 8 శాతం దగ్గరే ఉంటుంది. అంటే 48 గ్రాములు. ఎదిగే పిల్లకు 14 శాతమైనా కావాలి, అంటే 84 గ్రాములు. రోజూ 36 గ్రాములు తక్కువ పడుతున్నట్టు. ఇంకాస్త తిని పూడ్చుకుందామన్నా పొట్టలో చోటుండదు. పొట్ట జారి, వెన్ను తేలిన పిల్లల్ని సంతలో చూస్తూనే ఉంటాం. కొనడానికొచ్చినవాడు నడుం మీద చెయ్యేసి చూసి పక్క పిల్ల దగ్గరికి వెళ్ళిపోతాడు.

అదే సైలేజ్‌ను కిలోన్నరకు తగ్గించి, 100 గ్రాముల వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి), 100 గ్రాముల వేరుశనగ కట్టె (కాయ తెంపాక మిగిలే ఎండు చెట్టు) కలిపితే ప్రోటీన్ 85 గ్రాముల దాకా వస్తుంది. చెక్క మాత్రం బూజు పట్టనిదై ఉండాలి. మొక్కజొన్నలో కాల్షియం తక్కువ కనుక ఖనిజ లవణ మిశ్రమం కూడా తప్పదు. చెక్క కొనలేనివాళ్ళకు దశరథ గడ్డి, అవిశ, సుబాబుల్ ఆకు ఉన్నాయి. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, అందుకని మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి.

బ్రిటన్‌లో గొర్రెలను సైలేజ్ మీదే మేపుతారు కదా అని ఆ వీడియో కింద ఎవరో రాశారు. అక్కడ గొర్రెలకు వేసేది చాలావరకు లేత దశలో కోసిన పచ్చిక గడ్డి సైలేజ్. దానిలో ప్రోటీన్ మొక్కజొన్నకంటే ఎక్కువ. అయినా త్వరగా బరువు పెంచాల్సిన పిల్లలకు పైన దాణా వేస్తారు.

ఇక 90 రోజుల్లో 15 కిలోలంటే రోజుకు 167 గ్రాములు. నెల్లూరు జాతి పిల్లలకు చెక్క, కట్టె, ఆకు అన్నీ పెట్టి వారం వారం తూకం వేస్తే నాకు రోజుకు 100, 110 గ్రాములకు మించి రాలేదు. ప్రోటీన్ లేకుండా 167 ఎక్కడి నుంచి వస్తాయి?

ఎండు మేత దండగన్నది ఇంకో మాట. సైలేజ్‌ను ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కొడతారు, పైగా అది పుల్లటిది. నమలడానికి పొడవైన మేత ఉంటే పిల్ల ఎక్కువసేపు నెమరు వేస్తుంది, లాలాజలం బాగా ఊరుతుంది, కడుపులో పులుపు అదుపులో ఉంటుంది. అలాగని వరిగడ్డి వేసి సరిపెట్టకండి, దానిలో ప్రోటీన్ మూడు నాలుగు శాతమే. ఆకు రాలకుండా ఎండబెట్టిన వేరుశనగ కట్టె మేలు.

నెలన్నర పిల్లకు పాలు, కాస్త పిల్లల దాణా, లేత ఆకు చాలు. దాని పెద్ద పొట్ట అప్పుడప్పుడే తయారవుతుంటుంది. పాలు మరిచాక గుప్పెడుతో మొదలుపెట్టి, పది పదిహేను రోజుల్లో సైలేజ్ పెంచుకుంటూ పోవాలి.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది బూజు మాట. రెండేళ్ళ కిందట వానల్లో నేనూ అదే పని చేశాను. ప్లాస్టిక్ చిరిగిన సంచిలో పైన తెల్లబడిన భాగం తీసేసి మిగతాది వేశాను. కొన్నాళ్ళకు ఒక పిల్ల ఒకే వైపు గిరగిరా తిరగసాగింది. చెవి వాలిపోయింది, నోట్లోంచి చొంగ. తెల్లారి ఇంకోటి. డాక్టరుగారు వచ్చేసరికి మొదటిది పడిపోయింది. లిస్టీరియా అన్నారాయన. గాలి చొరబడి పులుపు తగ్గిన సైలేజ్‌లో, మట్టి కలిసిన సైలేజ్‌లో ఈ సూక్ష్మజీవి పెరుగుతుంది. గొర్రెలకు దీని బెడద మరీ ఎక్కువ. చూడి గొర్రెలు ఈసుకుపోతాయి (కడుపు పోతుంది), మనుషులకూ సోకుతుంది, గర్భిణులకు ఇంకా ప్రమాదం. బూజు పోగులు కంటికి కనపడే తెలుపు దగ్గరే ఆగిపోవు, లిస్టీరియా అసలు కంటికే కనపడదు. పైపైన తీసేసి లాభమేముంది?

ఇప్పుడు సంచి విప్పగానే పులుపు ఎంతుందో చూపే పీహెచ్ కాగితం పెట్టి చూస్తాను (అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు). 4 దగ్గర ఉంటే వేస్తాను. 5 దాటినా, కుళ్ళు వాసన వచ్చినా, ఎక్కడ బూజు కనపడినా సంచి మొత్తం పెంటకుప్పలోకే.