మదర్‌షిప్: పేరొకటే, పాటలవే, సౌండ్ మాత్రం రెండు రకాలు

బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ హిట్ పాటల ఆల్బమ్ 'మదర్‌షిప్' కొనాలనుకుంటే ముందు అది ఏ ఏడాదిదో చూసుకోండి. 2007 నవంబర్‌లో వచ్చిందొకటి, 2015లో మళ్ళీ వేసిందొకటి. రెండు సీడీలు, 24 పాటలు, షెపర్డ్ ఫెయిరీ వేసిన అదే కవర్. సౌండే వేరు. విచిత్రం ఏంటంటే రెండిటి వెనకా ఉన్న మాస్టరింగ్ ఇంజనీర్ (పాటకి చివర్లో సౌండ్ సర్దే మనిషి) కూడా ఒక్కరే, జాన్ డేవిస్. అంటే తేడా చెవుల్లో లేదు, కాలంలో ఉంది.

రీమాస్టర్ అనగానే మనకి థియేటర్లో 4కె రీ-రిలీజ్ గుర్తొస్తుంది, గీతలు తీసేసి రంగులు దిద్దుతారు కదా, పాటకీ అలాంటి క్లీనింగే అనుకుంటాం. కానీ డ్రమ్స్‌ని, గొంతుని విడివిడిగా ముట్టుకోవాలంటే రీమిక్స్ చెయ్యాలి, రీమాస్టర్‌లో ఆ వీలు లేదు, అప్పటికే కలిపేసిన టేపు మీద ఈక్యూ (బేస్, ట్రెబుల్ పాళ్ళు) సర్దుకోవడం, లెవెల్ చూసుకోవడం, అంతే. 2007 ప్రాంతంలో లెవెల్ చూసుకోవడమంటే పెంచడమే! సీడీలో సౌండ్‌కి పైన ఒక హద్దుంటుంది, అందుకని పెద్ద దెబ్బల్ని లిమిటర్‌తో అణిచేసి చిన్న శబ్దాల్ని పైకి లేపేవాళ్ళు. కారులో బాగానే ఉంటుంది, ఇంట్లో కూర్చుని గంట వింటే తలనొప్పి. మరుసటి ఏడాది మెటాలికా బ్యాండ్ ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' విషయంలో ఇదే గొడవ పెద్దదయ్యి, సీడీ కంటే గిటార్ హీరో గేములో ఉన్న వెర్షనే నయమని ఫ్యాన్సే అన్నారు.

ఈ పద్ధతి ఏ బ్యాండ్‌కైనా నష్టమే గానీ జెప్పెలిన్‌కి మరీను. 'స్టెయిర్‌వే టు హెవెన్'లో డ్రమ్స్ నాలుగు నిమిషాలు దాటాక గానీ రావు, అంతసేపు ఆపి ఆపి అప్పుడు దిగుతాడు జాన్ బోనమ్. మొదట్లో వచ్చే ఒంటరి గిటార్‌నే అంత పైన కూర్చోబెట్టేస్తే ఇంక ఎక్కడానికి మెట్లేం మిగులుతాయి?

'వెన్ ద లెవీ బ్రేక్స్' ఇంకా మంచి ఉదాహరణ. హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంటి హాల్లో కింద డ్రమ్స్ పెట్టి, మెట్ల పైనుంచి రెండు మైకులు వేలాడదీసి రికార్డ్ చేశాడు ఇంజనీర్ ఆండీ జాన్స్. మనకి వినపడేది సగం బోనమ్, సగం ఆ ఇంటి గోడలు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆ హాలు ఎంత పెద్దదో తెలుస్తూ ఉంటుంది. 2007 సీడీలో ఆ ఖాళీ పూడిపోయి అంతా ఒకటే గోల, 2015 దాంట్లో హాలు మళ్ళీ హాల్లా ఉంది.

పాటలు ఎంచుకుంది బోనమ్ పోయాక మిగిలిన ముగ్గురు సభ్యులే, పేజ్, ప్లాంట్, జోన్స్. అసలు బ్రిటన్‌లో సింగిల్సే వెయ్యమని భీష్మించుకున్న బ్యాండ్‌కి గ్రేటెస్ట్ హిట్స్ ఏంటో, సర్లెండి. నా కంప్లైంట్ వేరే: సెలక్షన్‌లోనూ జోరుదే పైచెయ్యి. మూడో ఆల్బమ్ రెండో సైడంతా దాదాపు అకౌస్టిక్ పాటలే, దాన్నుంచి ఒక్కటీ రాలేదు, 'గోయింగ్ టు కాలిఫోర్నియా' కూడా లేదు. ఆల్బమ్ వచ్చిన నెలలోనే వాళ్ళ పాటలు ఐట్యూన్స్‌కెక్కాయి, డిసెంబర్ 10న లండన్ ఓ2లో షో ఉంది, కొత్త పిల్లల్ని మొదటి పాటకే పడగొట్టాలనుకుని ఉంటారు. అర్థం చేసుకోగలను, ఒప్పుకోలేను.

2015 దానికి 2014-15లో ఆల్బమ్‌లన్నీ మళ్ళీ రీమాస్టర్ చేసినప్పటి మాస్టర్లే వాడారు. ఇప్పుడు స్పాటిఫై లాంటివి ఎంత గట్టిగా ఉన్న పాటనైనా తగ్గించి మిగతావాటితో సమానం చేసేస్తాయి కాబట్టి ఎవరి పాట గట్టిగా వినపడాలనే ఆ పాత పోటీకి లాభం కూడా లేదు, గట్టిగా కావాలంటే వాల్యూమ్ మన చేతిలోనే ఉంది.

ఏది కొన్నా ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ' వినండి. గిటార్ తగ్గిన చోటల్లా బోనమ్ కాలి కింద డ్రమ్ పెడల్ కిర్రు కిర్రుమంటుంది. టేపు మీద అన్నిటితో కలిసిపోయింది కాబట్టి రీమాస్టర్‌లో దాన్ని విడిగా తియ్యలేరు, పైగా సౌండ్ ఎంత శుభ్రపడితే అదంత బాగా వినపడుతుంది. 1970 నుంచి ఎవరూ నూనె వెయ్యలేదు దానికి.