పర్లాకిమిడిలో చేతక్: ఒక విదేశాంగ సమస్య

విదేశంలో ఉంటూ పాత స్కూటరు కొని పోషించడం లండన్‌లోనో మిలాన్‌లోనో ఉన్నవాళ్ల సరదా అనుకుంటాం. ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి తెలుగువాడికి అంత దూరం అక్కర్లేదు. పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో ఒక పాత బజాజ్ చేతక్ కొని ఇంటికి తెచ్చుకుంటే చాలు, దిగుమతి వ్యాపారం చేసినట్టే. ఈ సరిహద్దు 1936 ఏప్రిల్ 1న పడింది. అప్పట్నుంచీ మనిషి పెళ్లికీ పేరంటానికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు, ఎవరూ కాగితం అడగలేదు. బండిని మాత్రం అడుగుతారు.

ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఓడీ 20 అంటే గజపతి జిల్లా. వేరే రాష్ట్రం నంబరుతో వచ్చిన బండిని మోటారు వాహనాల చట్టం 12 నెలలు చుట్టంగా చూస్తుంది. ఏ అత్తారిల్లూ అల్లుణ్ణి అన్నాళ్లు భరించదు. ఆ తర్వాత కొత్త నంబరు తీసుకోవాల్సిందే. పాత ఆఫీసులో ఎన్‌వోసీకి, అంటే అభ్యంతరం లేదనే పత్రానికి, ఫారం 28, కొత్త ఆఫీసులో నంబరుకి ఫారం 27, పేరు మార్పుకి 29, 30. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీయాలి. తుప్పు తిన్న అంకె పెన్సిల్‌కి దొరకదు కాబట్టి డబ్బు చేతిలో పెట్టకముందే ఆ ముద్ర తీసి చూసుకోవాలి. ఇంకో మాట. ఈ రకం చేతక్ ఏదైనా 15 ఏళ్లు దాటిందే. ఆర్సీ రెన్యువల్ అమ్మేవాడి చేతే, అటువైపే చేయించుకోవాలి. ‘తర్వాత చూసుకుందాం గురూ’ అన్నవాడు తర్వాత కనిపించడు.

కొనేటప్పుడు పెయింటు చూసి మురిసిపోవడం మన జాతి లక్షణం. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. అది అంటుకోని చోట ఉన్నది రేకు కాదు, పుట్టీ. కాళ్ల దగ్గర రబ్బరు మ్యాటు ఎత్తి స్క్రూడ్రైవరుతో పొడవండి. అమ్మేవాడి ముఖం మాడిందంటే మీరు సరైన చోటే పొడిచారు.

ఇక పొగ. స్టార్టు చేసిన కాసేపటికి పొగ తగ్గిపోతే అది పెట్రోలులో ఆయిల్ కలిపి నడిపే టూ-స్ట్రోక్ బండి సహజ స్వభావం. వేడెక్కాక కూడా వీధంతా తెల్లగా కమ్మేస్తూ, గేర్ ఆయిల్ తరిగిపోతుంటే క్లచ్ పక్క క్రాంక్ ఆయిల్ సీలు పోయినట్టు. గేర్ ఆయిల్‌ని ఇంజను పీల్చి తాగేస్తోంది. ‘ఆయిల్ కాస్త ఎక్కువ పోశానండీ’ అంటాడు యజమాని. నమ్మకండి. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూ-టీ ఆయిల్, 3 లీటర్లకి 60. పిసినారితనంతో తగ్గిస్తే పిస్టన్ సిలిండర్‌కి అతుక్కుపోతుంది. దానధర్మంగా పెంచితే ప్లగ్గూ సైలెన్సరూ మసితో పూడుకుపోయి బండి గుట్ట ఎక్కనంటుంది. గేర్‌బాక్సుకి వేరే ఆయిల్, ఎస్‌ఏఈ 30, పావు లీటరు. ప్లగ్గు గ్యాపు 0.6 మిల్లీమీటర్లు. ప్లగ్గు మొన లేత గోధుమరంగులో ఉంటే ఇంజను ఆరోగ్యం బాగున్నట్టే.

పాత స్కూటర్‌ని పక్కకి వంచి స్టార్టు చేయడం పెద్దల నుంచి వచ్చిన ఆచారం. దైవప్రార్థనేమీ కాదు, వంచితే కార్బురేటర్‌లో పెట్రోలు పొంగి ఇంజనుకి కాస్త ఎక్కువ అందుతుంది. చోక్ సరిగ్గా పనిచేసే బండికి ఈ సాష్టాంగం అక్కర్లేదు. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు ఊరికే నిలవుంటే తేమ పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని ఉబ్బిస్తుంది. బండిని వారం పది రోజులు కదపం అనుకుంటే పెట్రోలు ట్యాపు కట్టేసి, ఆగిపోయేదాకా ఇంజను తిప్పి కార్బురేటర్ ఖాళీ చేయాలి.

రెండు ప్రభుత్వాల పాలన ఎలా ఉంటుందో తెలియాలంటే గేరు కేబుళ్లు చూడాలి. ఉన్నవి రెండు, ఒకటి లాగితే ఇంకొకటి వదలాలి. ఒకటి సాగిందా, ఎడమ పిడి మీద 2 అని ఉంటుంది, లోపల గేర్‌బాక్సు న్యూట్రల్ అంటుంది. మధ్యలో నలిగేది నడిపేవాడు. ఇంజను దగ్గరి అడ్జస్టర్లతో రెండిటి వదులూ సమానం చేయాలి. క్లచ్ కేబుల్‌ది వేరే కథ. గ్రీజు లేక పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, చివరిది పిడి దగ్గర, సరిగ్గా సంత మధ్యలో తెగుతుంది. డిక్కీలో ఒక క్లచ్ కేబులూ ఒక ప్లగ్గూ లేనివాడు చేతక్ యజమాని కాడు, పాదచారి.

ఇటలీ వెస్పా పోలికలు, పూణేలో పుట్టుక, మేవాడ్ రాణా గుర్రం పేరు, శ్రీకాకుళం నంబరు, ఒడిశా పెట్రోలు. ఇంతకంటే నికార్సైన సరిహద్దు పౌరుడు గజపతి జిల్లాలో ఇంకెవరున్నారు? దీనికి తక్షణం భాషా మైనారిటీ హోదా ఇవ్వాలని మనవి.

అర్జీ పట్టుకెళ్తే కిటికీలోంచి ‘కాలి ఆసంతు’ అంటారు. రేపు రండని ఒడియాలో మర్యాదగా చెప్పడం. కొత్తవాడు దాన్ని తెలుగులో విని, కాలికేదో పని పురమాయించారనుకుని బయటికొచ్చి కిక్కు కొడతాడు. అదీ మంచిదే. ట్యాపు తెరిచి, చోక్ లాగి, న్యూట్రల్లో ఉందో లేదో చూసుకుని కొడితే మూడో కిక్కుకి అందుకోవాలి. అందుకోలేదా, కాలి ఆసంతు.