ప్రాపగేటర్ సంగతి తర్వాత, ముందు మట్టిలో థర్మామీటర్ పెట్టి చూడండి

"కూరగాయల నారు ఇంట్లోనే పోసుకుందామనుకుంటున్నాను, ఏమేం కావాలి?" అని ఎవరైనా అడగడమే ఆలస్యం, రెండు వర్గాలు తయారైపోతాయి. విత్తనాలు మొలిపించడానికి అమ్మే ప్రాపగేటర్ అనే మూత ట్రే లేకుండా మొదలే పెట్టొద్దంటుంది ఒక వర్గం. అదంతా డబ్బు దండగ, ఖాళీ డబ్బాలో చల్లినా మొలుస్తాయి అంటుంది రెండోది. ఏ విత్తనం వేస్తున్నారు, రాత్రిపూట మీ గది ఎంత చల్లబడుతుంది అని తిరిగి అడిగేవాళ్లు మాత్రం ఒక్కరూ ఉండరు. ఆ రెండూ తెలుసుకోకుండా సలహా ఎలా ఇస్తారో నాకు అర్థం కాదు. ఒళ్లు మండేది అక్కడే.

ఇంతకీ ఈ ప్రాపగేటర్‌లో ఏముంది? ఒక ట్రే, పైన పారదర్శకంగా ఉండే మూత, ఆ మూతకి గాలి ఆడే రెండు చిన్న కిటికీలు, అడుగున సన్నగా వేడెక్కే తీగ. అంతే. కొన్నిటికి ఆ తీగ కూడా ఉండదు, అయినా అదే పేరుతో అమ్ముతారు. మూత చేసే పని తేమను పట్టి ఉంచడం. ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1829 ప్రాంతంలో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే డాక్టరు, ప్యూపా నుంచి చిమ్మట ఎలా బయటికొస్తుందో చూద్దామని దాన్ని తడిమట్టితో సహా మూత ఉన్న గాజు సీసాలో పెట్టాడు. చిమ్మట సంగతి ఏమైందో గానీ, ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్ మొలిచింది. తర్వాత ఆయన పేరుతోనే వచ్చిన గాజు పెట్టెల్లో మొక్కలు నెలల తరబడి ఓడ ప్రయాణం చేసి సముద్రాలు దాటాయి. చైనా తేయాకు మొక్కలు ఇండియాకి చేరింది కూడా వాటిలోనే. ఇదంతా సరదాగా చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, మూత పని ఏ పారదర్శకమైన డబ్బా అయినా చేసిపెడుతుంది. మీరు డబ్బు పోసి కొంటున్నది అడుగునున్న వేడిని.

మరి ఆ వేడి ఎవరికి అవసరం? దీనికి ఊహాగానాలు అక్కర్లేదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో పనిచేసిన హారింగ్టన్ అనే ఆయన ఏ కూరగాయ విత్తనం ఏ వేడిలో ఎన్ని రోజులకి మట్టి పైకి వస్తుందో పట్టిక వేసి పెట్టాడు. టమాటానే చూడండి. మట్టి 10 డిగ్రీల దగ్గర ఉంటే 43 రోజులు, 15 దగ్గర 14 రోజులు, 20 దగ్గర 8, 25 దగ్గర 6. ఇంకా వేడి పెంచి 30కి తీసుకెళ్లినా అదే 6. 35కి పోతే మళ్లీ 9. అంటే మీ మట్టి 20 డిగ్రీలు ఉంటే, ఇంత హడావిడీ చేసి ప్రాపగేటర్ మిగిల్చేది రెండు రోజులు! దానికోసం కొనాలా అన్నది మీ ఇష్టం.

మిరప, వంగ దగ్గరికి వస్తే లెక్క మారిపోతుంది. మిరప 15 డిగ్రీల దగ్గర 25 రోజులు తీసుకుంటుంది, 20 దగ్గర 13, 25 దగ్గర 8. వంగ 20 దగ్గర 13 రోజులైతే 30 దగ్గర 5 రోజులే. ఇక్కడ పోయేది రోజులు ఒక్కటే కాదు. చల్లటి తడిమట్టిలో మూడు వారాలు పడి ఉన్న గింజ మొలిచేలోపే కుళ్లిపోయే అవకాశం ఎక్కువ. కాబట్టి చలి ఇంట్లో మిరప, వంగ, క్యాప్సికం పెంచాలనుకునేవాళ్లకి "ఖాళీ డబ్బా చాలు" అని చెప్పడం మంచి సలహా కాదు.

సలాడ్లలో వేసే ఆకుకూర లెట్యూస్ దీనికి పూర్తిగా ఉల్టా. 10 డిగ్రీల దగ్గరే వారంలో వచ్చేస్తుంది, 20 దగ్గర మూడు రోజులు. 35 దగ్గర అసలు రాదు. వేడి ఎక్కువైతే లెట్యూస్ గింజ మొలకెత్తడం మానేసి కూర్చుంటుంది. అందుకే మిరపనీ లెట్యూస్‌నీ ఒకే వేడి ట్రేలో పెట్టి, "ఒకటి వచ్చింది ఒకటి రాలేదు, విత్తనాలు నకిలీవి" అని అమ్మినవాళ్లని తిట్టుకోవడం అన్యాయం.

ఇంకో మాట. గది 20 డిగ్రీలు ఉంటే మట్టి కూడా 20 ఉంటుందనుకోకండి. తడి ఆరుతూ ఉంటే మట్టి గది కంటే చల్లగా ఉంటుంది. కిటికీ గట్టు మీద పెట్టారంటే పగలు ఒకలా, రాత్రి ఇంకోలా ఉంటుంది. థర్మామీటర్ మొనను గింజ ఉన్న లోతులో గుచ్చి, పొద్దున లేవగానే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడండి. సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. కొందరికి ఫ్రిజ్ పైనో, వైఫై రూటర్ పక్కనో సరిపడా వెచ్చటి చోటు ఇంట్లోనే దొరుకుతుంది. తడిపిన టిష్యూ పేపర్‌లో మిరప గింజలు చుట్టి, మూత డబ్బాలో పెట్టి, ఆ చోట ఉంచితే సరి. తెల్లగా వేరు మొన కనబడగానే, అది విరగకుండా చూసుకుంటూ ఒక్కొక్కటీ మట్టిలోకి మార్చాలి. వేరు పేపర్‌లోకి పాకేదాకా ఆగితే మాత్రం చిక్కే.

విత్తనాలు పాతవైతే ఏ యంత్రమూ కాపాడదు. విత్తనాల నిల్వకి కూడా ఆ హారింగ్టన్ చెప్పిన సూత్రమే ఉంది: గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపు, నిల్వ ఉంచిన చోట సుమారు 5 డిగ్రీలు తగ్గినా అంతే. ఉల్లి విత్తనం త్వరగా చచ్చిపోతుంది, టమాటా ఏళ్ల తరబడి ఉంటుంది. అనుమానం ఉంటే పది గింజలు టిష్యూలో వేసి చూడండి, ట్రే మొత్తం పోసి టెన్షన్ పడేకంటే నయం.

అసలు గొడవ మొలిచాక మొదలవుతుంది. ప్రాపగేటర్ గురించి ఇంతసేపు వాదించుకునేవాళ్లు దీని గురించి మాట్లాడరెందుకో! మొలక వంగిన మెడతో మట్టిని తోసుకుని పైకి వచ్చి, నిటారుగా నిలబడి, రెండాకులు విప్పిన క్షణం నుంచి దానికి కావలసింది వేడి కాదు, వెలుతురు. అప్పుడు కూడా మూత కింద వెచ్చగా, అరకొర వెలుతురులో ఉంచితే ఒకటి రెండు రోజుల్లోనే కాడ సన్నగా, పాలిపోయి సాగిపోతుంది. తర్వాత ఏం చేసినా ఆ కాడ మళ్లీ పొట్టిగా అవదు.

"మా గదిలో వెలుతురు బాగానే ఉందండీ" అంటారు. అది మన కంటికి. వెలుతురుని లక్స్‌లో కొలుస్తారు. దీపాలు వేసిన గదిలో 300 నుంచి 500 లక్స్ ఉంటే మనకి హాయిగా కనిపిస్తుంది, నేరుగా పడే ఎండలో లక్ష దాకా ఉంటుంది. నారుకి ఆ గది చీకటి కిందే లెక్క. మామూలు ఎల్ఈడీ బల్బైనా సరే, మొక్కలకి దగ్గరగా దించి, రోజుకి 14 నుంచి 16 గంటలు వెలిగిస్తే తేడా తెలుస్తుంది. చేతిలో డబ్బు ఒక్కదానికే ఉంటే నేను లైటే కొంటాను.

మూత తీయకపోతే వచ్చే ఇంకో ముప్పు నారుకుళ్లు. సాయంత్రం నిక్షేపంగా ఉన్న నారు తెల్లారేసరికి పక్కకి ఒరిగి ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే, ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. మట్టిని తాకే చోట మాత్రం కాడ దారం కట్టి బిగించినట్టు నొక్కుకుపోయి, గోధుమరంగుకి తిరిగి ఉంటుంది. పిథియం, రైజోక్టోనియా లాంటి మట్టిలోని బూజులు చేసే పని ఇది. పడిపోయినవి లేవవు, వాటిని తీసేసి మిగతావాటిని కాపాడుకోవడమే. ఒత్తుగా చల్లకుండా, నీళ్లు అడుగు నుంచి పట్టిస్తూ, సగం గింజలు మొలవగానే మూత తీసేస్తే చాలావరకు ఇది దగ్గరికి రాదు. మూత లోపల నీటిబొట్లు కారుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నారుకి మాత్రం మంచిది కాదు.

క్యారెట్ వేసేవాళ్లు ఈ గొడవలోకి అసలు రావద్దు, దాన్ని నేరుగా మట్టిలోనే చల్లుకోవాలి. చిక్కుడుకీ నారు అక్కర్లేదు.

ఇంత చదివాక కూడా ప్రాపగేటర్ కొంటాను అంటే, చలి ఇంట్లో మిరప పెంచేవాళ్లైతే తప్పకుండా కొనండి, నేను కాదనను. వేడిని మనం పెట్టిన అంకె దగ్గర నిలిపి ఉంచే థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి. లేనిది గది వేడికి కొన్ని డిగ్రీలు కలుపుతుంది, అంతే. చలిగదిలో అది చాలదు, ఎండాకాలం గదిలో గింజని ఉడికిస్తుంది. థర్మోస్టాట్ ఉన్నా దాని సెన్సార్ మట్టిలోకి దిగాలి, గాల్లో వేలాడేది చూపించే అంకె గింజకి సంబంధం లేనిది. మూత ఎత్తు కూడా చూసుకోండి. నాలుగు వేళ్ల ఎత్తు మూత కింద దోస మొలక రెండాకులు విప్పేసరికే తల తగులుతుంది.