సిగ్నల్ రాయికి క్యూఆర్ కోడ్ ఊరేగింపు

శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో, మహేంద్రగిరి కొండ కనిపించే ఒక ఊళ్లో బ్రాడ్‌బ్యాండ్ అవగాహన సదస్సు జరిగింది. ఇంటర్నెట్ లేనివాళ్లకు ఇంటర్నెట్ వల్ల లాభాలు చెప్పే కార్యక్రమం. అందులో వింతేమీ లేదు, మనకు అలవాటే. నా కడుపు మండింది ఫ్లెక్సీ చూసి.

రచ్చబండ వెనక కట్టిన ఆ ఫ్లెక్సీ మీద డజను మంది నమస్కారాలు పెడుతున్నారు. వాళ్ల కాళ్ల దగ్గర నల్లగళ్ల చతురస్రం ఒకటి. 'మీ ఊరికి బ్రాడ్‌బ్యాండ్ కావాలా? స్కాన్ చేసి చెప్పండి.'

స్కాన్ చేయాలట!

సభ పెట్టింది ఒక కంపెనీ. పేరు అనవసరం. దానికి 'ప్రభుత్వ సంబంధాలు' చూసే పెద్దమనిషి ఒకరున్నారు. సంబంధాలంటే ఏమిటో ఆయన కారు డిక్కీ తెరిచినప్పుడు తెలిసింది, నిండా శాలువాలే. కప్పాల్సిన వాళ్లకు కప్పడం పూర్తయ్యాక, స్కాన్ ఎలా చేయాలో చూపిస్తానని ఆయనే ఫోన్ తీశారు. గుండ్రం తిరిగింది. ఇంకా తిరిగింది. చివరికి వెనక కూర్చున్న ముసలమ్మకు జాలేసింది. "ఇక్కడ రాదు బావూ, రాయి కాడికి ఎల్లాలి."

ఊరి పైన, జీడితోట దాటాక ఒక బండరాయి ఉంది. దాని మీద నిలబడి మందస వైపు తిరిగితే ఒక గీత సిగ్నల్ వస్తుంది. అందరూ బయల్దేరారు. నలుగురు కుర్రాళ్లు ఫ్లెక్సీని విప్పి, ఉత్సవ విగ్రహాన్ని మోసినట్టు మోశారు. వెనక సంబంధాల ఆయన, ఆయన వెనక శాలువాలు, ఆ వెనక మేం. తీరా వెళ్తే రాయి మీద గాలికి ఫ్లెక్సీ నిలవలేదు, కింద పరిస్తే సిగ్నల్ లేదు. ఒక కుర్రాడు కింద కోడ్‌ను ఫొటో తీసి, ఆ ఫోన్‌ను పైకి తెచ్చి, ఇంకో ఫోన్‌తో స్కాన్ చేశాడు. ఈ కుర్రాడికి ఆ కంపెనీలో ఉద్యోగం ఇవ్వరు, అది వేరే సంగతి.

ఫారం తెరుచుకుంది. మొదటి ప్రశ్న: 'ప్రస్తుతం మీ ఇంట్లో ఇంటర్నెట్ వేగం ఎలా ఉంది?' చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు. ఈ మూడే. 'పర్వాలేదు' నొక్కారు. తర్వాత ఓటీపీ అడిగింది. అది వెళ్లింది ఆ కుర్రాడి అమ్మ నంబరుకు. ఆవిడ ఫోన్ కింద ఊళ్లో, గూట్లో ఉంది.

సదస్సు విజయవంతమైందని ప్రకటించి భోజనాలకు దిగిపోయారు.

దేశంలోని పంచాయతీలన్నిటికీ ఆప్టికల్ ఫైబర్ వేస్తామని కేంద్రం అనుకున్నది 2011లో. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. 2023 ఆగస్టులో సవరించిన పథకానికి 1,39,579 కోట్లు ఆమోదించారు. మన రాష్ట్రం ఈలోగా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, నెలకు 149 రూపాయలకే నెట్ అంది. ఆలోచన మంచిదే. కాకపోతే మా జిల్లాలో స్తంభాలకు ఆయుష్షు తక్కువ. 2018లో తిత్లీ తుఫానుకు వేలకొద్దీ నేలకూలాయి. పల్లెలకు ఫోన్, నెట్ అందించడానికి కేంద్రం పెట్టిన టెలికాం నిధి మాత్రం ఏ తుఫానుకూ పడిపోదు. టెలికాం కంపెనీల లెక్కగట్టిన ఆదాయంలో 5 శాతం దానికే వెళ్తుంది. రాయెక్కి మాట్లాడేవాళ్లు చేయించుకునే రీచార్జి కూడా ఆ ఆదాయంలోదే.

ఇంతవరకూ నవ్వుకుందాం. ఆ రాయి దగ్గర ఇంకొకావిడ కూడా ఉంది, సదస్సుకు రాలేదు. ఉపాధి హామీ పనిలో మేట్, అంటే కూలీల హాజరు వేసే మనిషి. 2023 జనవరి నుంచి కూలీల హాజరు యాప్‌లోనే వేయాలి, రోజుకు రెండు ఫొటోలు. నెట్ లేకపోతే తీసిపెట్టి తర్వాత పంపొచ్చంటారు. ఆ 'తర్వాత' ఈ రాయి మీదే ఉంది మరి! పొద్దంతా మట్టి పని దగ్గరున్న మనిషి సాయంత్రం కొండెక్కి, కూలీలు పనిచేశారని ఆకాశానికి ఫోన్ చూపించి రుజువు చేయాలా? ఫైబర్ వేయడానికి మీకు ఇన్నేళ్ల గడువు, ఆమెకు ఒక్క రోజు కూడా ఇవ్వరా? నెట్ ఇవ్వనివాళ్లకు నెట్‌లో హాజరు అడిగే హక్కు ఎవరిచ్చారు?

మేం దిగేటప్పటికి చీకటి పడుతోంది. ఆమె ఇంకా చెయ్యెత్తి పట్టుకునే ఉంది.

"ఎల్లిందా అమ్మా?" అని అడిగాను.

"తిరుగుతంది బావూ."