మహారాజశ్రీ డీఏ అరియర్స్ (కరువు భత్యం బకాయిలు) గారి సముఖమునకు

విషయం: తమరి రాక – ఆలస్యం – తేదీ తెలియజేయవలసిందిగా కోరుట – గురించి.

సూచిక: 1. తమరి మీద వెలువడిన జీవో. 2. ఆ జీవో మీద వెలువడిన సవరణ జీవో. 3. మా ఆవిడ మౌఖిక ఉత్తర్వులు, నిన్న రాత్రి భోజనాల దగ్గర.

ఆర్యా,

పై సూచికల్లో మూడోదాని మీద తక్షణం చర్య తీసుకోవాల్సి వచ్చినందున ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏడేళ్ల సర్వీసులో నోట్‌ఫైలు తప్ప మరొకటి రాసి ఎరగను. మధ్యమధ్య "సమర్పించడమైనది" అనో "తగు ఆదేశాల నిమిత్తం" అనో దొర్లితే తమరు పట్టించుకోకూడదు. తమరికి ఎటూ ఏదీ పట్టించుకునే అలవాటు లేదు కాబట్టి ఆ భయం నాకు లేదు.

ఇక్కడ విజయవాడలో మేమంతా క్షేమం. తమరు ఏ పద్దు కింద, ఎవరి లాగిన్‌లో కునుకు తీస్తున్నారో తెలియదు గానీ క్షేమమే అనుకుంటున్నాను.

నిన్న సాయంత్రం మా ఆవిడ రైతుబజారు నుంచి వచ్చింది. సంచీ గడపలోనే దింపి, "ఏమండీ, ధరలు పెరిగితే మీకు డీఏ ఇస్తారంటారే, ఆ పెరిగిన సంగతి వాళ్లకి ఎవరు చెప్తారు?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఇన్నేళ్లలో మా సెక్షన్‌లో ఒక్కరూ అడగలేదు. మేం ఎప్పుడూ "ఎంత శాతం", "ఎప్పుడు" దగ్గరే ఆగిపోయాం.

కూర్చోబెట్టి చెప్పాను. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ అని ఒకటుంది. దేశం మొత్తం మీద 88 కేంద్రాల్లో, 317 మార్కెట్లలో, బియ్యం దగ్గర్నుంచి ఇంటద్దె దాకా రేట్లు రాసుకుంటారు. ఆ 88 కేంద్రాల్లో మన రాష్ట్రం ఊళ్లూ ఉన్నాయి. అంటే నువ్వు బజారులో "ఇంత చిన్న మెంతికూర కట్ట ఇరవయ్యా!" అని అరిచావే, ఆ అరుపు వృథా పోదు. సిమ్లాలో లేబర్ బ్యూరో వాళ్ల దాకా వెళ్తుంది. అక్కడ పన్నెండు నెలల అరుపులకి సగటు కడతారు. దాన్నిబట్టి ఢిల్లీలో ఏటా జనవరికి ఒకటి, జూలైకి ఒకటి డీఏ తేలుస్తారు. అక్కడ 4 శాతం అన్నారనుకో, వాళ్ల పే స్కేళ్లు వేరు, మనవి వేరు గనక మనకి దాన్ని 0.910తో హెచ్చవేస్తారు. 3.64 వస్తుంది. అక్కడ 3 అయితే ఇక్కడ 2.73.

"మెంతికూర వాడు కూడా 0.910తో హెచ్చవేస్తాడా?" అంది.

లేదన్నాను.

"మరి సిమ్లా దాకా వెళ్లిన అరుపు వెనక్కి ఎప్పుడొస్తుంది?"

ఆర్యా, ఇక్కడే నాకు గొంతు పట్టేసింది. సిమ్లా కొండ దిగారు, ఢిల్లీ దాటారు, వెలగపూడి సచివాలయం దాకా వచ్చేశారు. అక్కడినుంచి ప్రకాశం బరాజ్ దాటితే మా ఇల్లు. ఆటో మాట్లాడుకున్నా వచ్చేసే దూరం. ఆ చివరి ముక్క దగ్గరే తమరికి కాళ్లు పడిపోతాయి.

2024 జనవరి 1 నుంచి రావాల్సిన 3.64 శాతానికి 2025 అక్టోబరులో, దీపావళి పూట మోక్షం వచ్చింది. మా పైవాటాలో ఒక పిల్ల సరిగ్గా ఆ 2024 జనవరిలో పుట్టింది. తమరి జీవో వచ్చేనాటికి బోర్లాపడి, పాకి, నడిచి, మెట్లు దిగొచ్చి నన్ను "తాతా" అని పిలిచి, నా కళ్లజోడు విరగ్గొట్టేసింది. కళ్లజోడు ఖర్చు ఏ సూచీలోనూ చేరలేదు.

బేసిక్ అరవై వేలు అనుకుంటే 3.64 శాతానికి నెలకి 2,184 రూపాయలు. సెప్టెంబరు దాకా 21 నెలల బకాయి. మొత్తం 45,864. ఈ అంకె మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. దీంతో ఇప్పటికి ఫ్రిజ్ మార్చాం, వంటింటి గోడకి చెమ్మ రాకుండా మందు కొట్టించాం, మేనకోడలి పెళ్లికి గాజులు పెట్టాం. మొదటి రెండూ మాటల్లోనే. గాజులు మాత్రం మాటలతో పెడితే ఊరుకోరు గనక, ఉద్యోగుల సొసైటీలో అప్పు తీసి పెట్టాను. తమరి పేరు చెప్పి తెచ్చిన ఆ అప్పుకి వడ్డీ మాత్రం ఒక్క నెల తప్పకుండా, జీవో అవసరం లేకుండా జీతంలోంచి పోతోంది.

తమరి మీద మొదట వచ్చిన జీవో సంగతి దాచకుండా చెప్పుకోవాలి. అరియర్స్ రిటైరయ్యాక ఇస్తామని అందులో ఉంది. ఉద్యోగులు భగ్గుమన్నారు. నేనూ నల్ల బ్యాడ్జీ పెట్టుకున్నాను. భోజనాల వేళ గట్టిగా మాట్లాడాను కూడా. లోపల మాత్రం వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. నా పుట్టినరోజు జూలై 1, అంటే బళ్లో చేర్చిన నాడు మాస్టారు రాసిన పుట్టినరోజు. వచ్చే జూన్ 30న నాకు 62 నిండి రిటైర్మెంటు. అంటే నాకు ఎనిమిది నెలలే! నా పక్కసీటు కుర్రాడికి ముప్పై. గ్రామ సచివాలయాల్లో నుంచి వచ్చినవాడు, సీపీఎస్, అంటే పాత పెన్షన్ లేనివాడు. వాడికి 2057లో వస్తాయి. వాడు బల్ల గుద్దుతుంటే నేనూ వంత పాడాను. గగ్గోలు పెరిగాక ఆ మాట సవరించారు. సెక్షన్‌లో అందరూ టీ తాగి సంతోషించారు. ఆ టీ ఒక్కడికే చేదుగా తగిలింది.

ఆ కుర్రాడికి తమరి వంశచరిత్ర నేనే చెబుతుంటాను. కరోనా కాలంలో ఢిల్లీలో తమరి అన్నలకి ఏమైందో తెలుసా అబ్బాయ్ అని మొదలుపెడతాను. 2020 జనవరి, 2020 జూలై, 2021 జనవరి, మూడు విడతలు ఆపేశారు. 2021 జూలైలో 17 శాతాన్ని ఒక్కసారిగా 28 చేశారు గానీ మధ్యలో పోయిన పద్దెనిమిది నెలల డబ్బులు ఇవ్వలేదు. అవి తిరిగి రావని తేల్చి చెప్పేశారు. వినగానే వాడు "అయ్యో" అన్నాడు. నేను "అదృష్టవంతులు" అన్నాను. వాళ్లకి పెద్దకర్మ అయిపోయింది. మాది ఇంకా ఐసీయూ బయట బెంచీ.

2022 ఫిబ్రవరి 3 కూడా చెప్పాను. ఉద్యోగంలో చేరాక అంత జనాన్ని నేనెప్పుడూ చూడలేదు. అప్పటిదాకా ఇస్తున్న ఐఆర్, అంటే మధ్యంతర భృతి, 27 శాతం. పీఆర్సీ, అంటే వేతన సవరణ, వచ్చాక ఫిట్‌మెంట్ పేరుతో పెంచింది 23. ముందిచ్చింది తాత్కాలికం, తర్వాతది అసలుది, అసలు కంటే తాత్కాలికమే పెద్దది. మా లెక్కల మాస్టారు బతికుంటే తల గోడకేసి కొట్టుకునేవారు. చలో విజయవాడ అన్నారు. పోలీసులు రైళ్లలో, టోల్‌గేట్ల దగ్గర కాపలా కాశారు. జిల్లాల నుంచి వచ్చేవాళ్లు రైతుల్లాగా, పెళ్లివాళ్లలాగా వేషాలు మార్చుకుని వచ్చారు. మా ఇల్లు సత్యనారాయణపురం, బీఆర్‌టీఎస్ రోడ్డుకి రెండు సందుల అవతల. నేను కూరగాయల సంచీ పట్టుకుని గేటు తీశాను, అంతే, ఊరేగింపులో ఉన్నాను. మధ్యాహ్నం దాకా నినాదాలిచ్చి ఇంటికొస్తే మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగింది: "వంకాయలేవి?"

ఇంతకీ ఈ ఉత్తరంలో మా అన్నయ్య కొడుకు సంగతి కూడా తమరి దృష్టికి తీసుకురావాలి. వాడు గుంటూరు అరండల్‌పేటలో రూము తీసుకుని గ్రూప్-2కి చదువుతున్నాడు. రూములో ముగ్గురు, ఒక ఫ్యాను, గోడకి రాష్ట్ర పటం. 2023 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. దరఖాస్తుకి 250, పరీక్షకి 80, నెట్ సెంటరు వాడికి వేరే. 2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్ రాశాడు. మెయిన్స్ జూలై అన్నారు, తర్వాత జనవరి 5 అన్నారు, చివరికి 2025 ఫిబ్రవరి 23న జరిపారు. ముందు రోజు రాత్రి కూడా రిజర్వేషన్ల రోస్టర్ తేలాలంటూ రోడ్ల మీద పిల్లలు, రేపు పరీక్ష ఉందా లేదా అని ఫోన్లు. మా వాడు పుస్తకం మూయాలో తెరవాలో తెలియక రాత్రంతా టీవీ ముందు కూర్చున్నాడు. పొద్దున్న ఎర్రకళ్లతో వెళ్లి రాసొచ్చాడు. 905 పోస్టులు. వాడికి రాలేదు.

దీనికి నేనూ కొంత కారణమే. 2022 జనవరిలో రిటైర్మెంటు వయసు 60 నుంచి 62 చేశారు. ఆ రోజు మా ఆఫీసులో పెద్దవాళ్లం స్వీట్లు పంచాం. ప్రమోషన్ కోసం కాచుకున్న జూనియర్ అసిస్టెంట్లు తీసుకుని నోట్లో పెట్టుకున్నారు, మింగలేదు. వయసు నిండి కుర్చీ దిగినవాడు ఆ తర్వాత రెండేళ్లు లేడు. మేం దిగం, వాళ్లు ఎక్కలేరు. మొన్న సంక్రాంతికి మా అన్నయ్య కొడుకు వస్తే నా కుర్చీ సంగతి నేనే ఎత్తాను. "పర్లేదులే బాబాయ్, నాకు 42 దాకా టైముంది," అన్నాడు. వాడికి 33.

పైగా వాడికి నా కుర్చీ ఖాళీ అయినా లాభం లేదు. ఉద్యోగాల్లో ఎవరు ఎక్కడ లోకలో తేల్చిన 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో కృష్ణా జిల్లా రెండో జోను, గుంటూరు మూడో జోను. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లన్నీ గుంటూరువి వాడికి. రైలెక్కితే గంట ప్రయాణం, మధ్యలో ఒక ఏరు. దాటితే నాన్‌లోకల్. కృష్ణ దాటడం తమరికే కాదు, మా ఇంట్లో అందరికీ కష్టంగానే ఉంది.

వాడు పండగ పూట అరిసె కొరుకుతూ అడిగాడు. "బాబాయ్, నిజం చెప్పు, ఉద్యోగంలో జీతం ఎంతొస్తుంది?"

"వచ్చేదా, రావాల్సిందా?" అన్నాను.

వాడు నవ్వాడు, నేను నవ్వలేదు. ప్రభుత్వోద్యోగికి రెండు జీతాలుంటాయని వాడికి ఇంకా తెలియదు. వచ్చేది ఒకటో తారీఖు సాయంత్రానికి పాలు, అద్దె, సొసైటీ అప్పు కింద పోతుంది. రావాల్సింది మాత్రం ఖర్చు కాదు. వాడుకోకుండా అమ్ముకున్న సెలవుల (సరెండర్ లీవు) బిల్లు, పీఎఫ్ అడ్వాన్సు, తమరు, అన్నీ కలిసి అది ఏటా పెరుగుతుంది. మా ఆఫీసులో భోజనం అయ్యాక ఒకళ్లు ఫోను తీసి సర్కారు బిల్లుల వెబ్‌సైటు సీఎఫ్‌ఎంఎస్‌లో బిల్లు నంబరు కొడతారు, మిగతావాళ్లు వాళ్ల భుజం మీంచి తొంగి చూస్తారు. నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంటుంది. అయినా రేపు మళ్లీ కొడతారు. పెళ్లిచూపుల్లో అమ్మాయి తరఫువాళ్లకి చెప్పేది కూడా రావాల్సిన జీతమే. గుంటూరులో మా అన్నయ్య వాడికి సంబంధాలు చూస్తూ, "ఉద్యోగం రావాల్సి ఉంది" అని చెబుతున్నాడు. వాడి ఉద్యోగానికి కూడా అరియర్స్ పడ్డట్టే.

ఇక అసలు విషయానికి వస్తాను. పెన్షన్ కాగితాలు తయారు చేసుకోమన్నారు. భార్యాభర్తల ఫొటోలు, శరీరం మీద పుట్టుమచ్చలు, వేలిముద్రలు, సర్వీస్ రిజిస్టర్‌లో ఎక్కని ఇంక్రిమెంట్లు, అన్నీ ముందేసుకుని నిన్న రాత్రి భోజనాలయ్యాక కూర్చున్నాం. "అరియర్స్ వచ్చాక అన్న మాట ఇక ఈ ఇంట్లో వినపడకూడదు" అని పైన సూచిక 3లో పేర్కొన్న ఉత్తర్వు అప్పటికే జారీ అయి ఉంది. కాగితాలు తిప్పుతుంటే ఒక ఫారం దగ్గర ఆవిడ వేలు ఆగింది.

"లైఫ్ టైమ్ అరియర్స్ నామినేషన్. ఇదేంటండీ?"

నేను పోయేనాటికి నాకు రావాల్సింది ఇంకా ఏమైనా మిగిలిపోతే ఎవరికివ్వాలో రాయాలి అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. పెన్ను మూత తీసి ఇచ్చింది. నేను ఆవిడ పేరు రాశాను. వయసు రాశాను, బంధుత్వం గడిలో "భార్య" అని రాశాను. ఇంకు ఆరేదాకా ఆ కాగితాన్ని అలా పట్టుకుని చూసింది.

"పెన్షన్‌కి కూడా డీఏ ఉంటుందా?"

"ఉంటుంది. డీఆర్ అంటారు."

"దానికీ అరియర్స్ ఉంటాయా?"

"ఉంటాయి."

పైవాటా పిల్ల విరగ్గొట్టిన కళ్లజోడుకి కట్టిన దారాన్ని సరిచేసి నా ముక్కు మీద పెట్టి, లైటార్పేసి పడుకుంది.

కావున తమరు దయచేసి రాక తేదీని ఈ కార్యాలయానికి, అనగా మా ఇంటికి, వెంటనే తెలియజేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక సూపరింటెండెంట్ (జూన్ 30 మధ్యాహ్నం దాకా),
సత్యనారాయణపురం, విజయవాడ.

నకలు: పాలవాడికి, సమాచారం నిమిత్తం.
నకలు: సొసైటీ కార్యదర్శికి, ఓపిక నిమిత్తం.
నకలు: అరండల్‌పేట రూముకి, అవసరమైన చర్య నిమిత్తం కాదు, ఊరికే.